పది నెలల సీజన్‌ని పదిహేడు రోజులు మింగేస్తే మిగతా టోర్నీలు ఎందుకు?

అర్ధరాత్రి_ప్రేక్షకుడు
కడుపు మండి రాస్తున్నా. 2024-25 స్నూకర్ సీజన్ మొదటినుంచీ వదలకుండా చూశాను. షాంఘైలో జడ్ ట్రంప్ మర్ఫీని ఉతికి ఆరేసింది చూశా. జెడ్డాలో మార్క్ విలియమ్స్ మీద 10-9తో గట్టెక్కింది చూశా. యార్క్‌లో యూకే ఛాంపియన్‌షిప్ ఫైనల్, హాకిన్స్ మీద 10-8, అదీ చూశా. ఒక్క సీజన్లో వంద సెంచరీలు (ఆగకుండా ఒకే బ్రేక్‌లో వంద, ఆపైన పాయింట్లు) దాటేశాడు, ర్యాంకుల్లో నంబర్ వన్. తీరా మే 5 గడిచాక ఎవర్ని అడిగినా "ఈ సీజన్ జావో షింటాంగ్‌దే" అంటున్నారు! సెప్టెంబరు దాకా నిషేధంలో ఉన్న మనిషి. టూర్ కార్డు కూడా లేదు. ఏప్రిల్‌లో ఊడిపడ్డాడు, షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ హాల్లో పదిహేడు రోజుల ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచాడు, సీజన్ మొత్తం తనదైపోయింది. మరి నేను పది నెలలు నిద్ర చెడగొట్టుకుని చూసిందేమిటి? నాందీ ప్రస్తావనా?

బాల్క్‌లైన్_బాబ్జి
ఏడాదంతా ముందు బెంచీలో కూర్చున్నవాడికి హాజరు వేస్తారు గురూ. ర్యాంకు మాత్రం పరీక్ష రాసినవాడికే.

ఎడమచేతివాటం
బాబ్జీ, ట్రంప్ పరీక్ష కూడా రాశాడు. సెమీస్ దాకా వెళ్లి విలియమ్స్ చేతిలో 17-14తో ఓడాడు. హాజరు ఒక్కటే అనకు.
అర్ధరాత్రి గారూ, బాధ అర్థమైంది గానీ ఒక చిన్న సంగతి. ఈసారి ప్రపంచ ఫైనల్ ఆడిన జావో, విలియమ్స్ ఇద్దరూ ఎడమచేతివాళ్లే. ట్రంప్ కూడా ఎడమే, రాబర్ట్‌సన్ కూడా ఎడమే. కాబట్టి సీజన్ మా వర్గానిది. చర్చ ముగిసింది.

లెక్కల_మాస్టారు
ముగియలేదు. ఇద్దరి పేర్లే తిప్పితిప్పి చెబుతున్నారు, మూడో మనిషిని మరిచిపోయారు. కైరెన్ విల్సన్.
షియాన్ ఫైనల్: విల్సన్ 10, ట్రంప్ 8. బెల్‌ఫాస్ట్‌లో నార్తర్న్ ఐర్లాండ్ ఓపెన్ ఫైనల్: విల్సన్ 9, ట్రంప్ 3. టెల్‌ఫర్డ్‌లో ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ ఫైనల్: విల్సన్ 10, ట్రంప్ 9. మధ్యలో బెర్లిన్‌లో జర్మన్ మాస్టర్స్, హాకిన్స్ మీద 10-9. మొత్తం నాలుగు ర్యాంకింగ్ టైటిళ్లు, అందులో మూడు నంబర్ వన్‌ని ఎదురుగా కూర్చోబెట్టి కొట్టినవి. మాస్టర్స్ ఫైనల్ కూడా ఆడాడు, అక్కడ మర్ఫీ 10-7తో ఆపాడు.
అయినా ర్యాంకింగ్ జాబితాలో పైన ఉన్నది ట్రంపే. ఎందుకంటే స్నూకర్‌లో పాయింట్లంటే డబ్బే. ఒక్క పౌండు గెలిస్తే ఒక్క పాయింటు, రెండేళ్ల సొమ్ము కలిపి లెక్క. జెడ్డాలో విజేతకి 5 లక్షల పౌండ్లు, యూకేలో రెండున్నర లక్షలు. ఈ రెండూ ఒకే జేబులో పడ్డాయి. మనం కప్పులు లెక్కపెడతాం, జాబితా నోట్లు లెక్కపెడుతుంది.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు
మాస్టారూ, మీరు నా వైపా, ఎదుటివైపా?

లెక్కల_మాస్టారు
లెక్కకి వైపులుండవు నాయనా.

కొత్తగా_చూస్తున్నా
నేను క్రూసిబుల్ సెమీస్ నుంచే చూడడం మొదలుపెట్టా, తిట్టకండి. టూర్ కార్డు లేనివాడు ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఎలా ఆడతాడు? కార్డంటే ఏంటసలు?

బాల్క్‌లైన్_బాబ్జి
రేషన్ కార్డు లాంటిది. ఉంటే వరసలో నిలబడనిస్తారు, సరుకు ఉంటుందని గ్యారంటీ లేదు.

సేఫ్టీ_సుబ్బు
బాబ్జీ, కొత్తవాళ్లని అయోమయంలో పడేయకు.
కొత్తగా గారూ, ప్రొఫెషనల్ టూర్‌లో ఉండేది దాదాపు 128 మంది. కొత్తగా వచ్చినవాళ్లకి రెండేళ్లు ఉండనిస్తారు. ఏటా సీజన్ చివర రెండేళ్ల జాబితాలో మొదటి 64 మంది నిలుస్తారు. కిందున్నవాళ్లలో గడువు తీరినవాళ్లు బయటికి, మళ్లీ క్యూ స్కూల్ అనే అర్హత పోటీలోనో మరో దారిలోనో నెగ్గుకు రావాలి. ప్రపంచ ఛాంపియన్‌షిప్ క్వాలిఫయింగ్‌లో మాత్రం కొందరు అమెచ్యూర్లకి, అంటే కార్డు లేనివాళ్లకి, చోటిస్తారు. జావో ఆ గుమ్మంలోంచి వచ్చాడు. అమెచ్యూర్‌గా వచ్చి కప్పు ఎత్తుకెళ్లినవాడు చరిత్రలో ఇతనొక్కడే. చైనా నుంచే కాదు, ఆసియా మొత్తమ్మీద మొదటి ప్రపంచ ఛాంపియన్ కూడా.

లెక్కల_మాస్టారు
ఇంకో లెక్క. మొదటి 16 మంది సీడ్లు నేరుగా క్రూసిబుల్‌కి వెళ్తారు. కప్పు కొట్టడానికి వాళ్లు ఒక్కో రౌండులో గెలవాల్సిన ఫ్రేములు (మ్యాచ్‌లోని విడి ఆటలు) 10, 13, 13, 17, 18. మొత్తం 71. జావో ముందు నాలుగు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఆడాడు, ఒక్కోటీ పది ఫ్రేములు గెలవాలి. అంటే 111. "ఏప్రిల్‌లో ఊడిపడ్డాడు" అన్నారు, ఆ ఊడిపడడంలో నలభై ఫ్రేములు అదనం.

ఎడమచేతివాటం
ఏప్రిల్ అన్నమాట కూడా తప్పే. నవంబరులో యూకే క్వాలిఫయింగ్‌లో 147 కొట్టాడు, గరిష్ఠ బ్రేక్ అది. అమెచ్యూర్ల క్యూ టూర్‌లో కనబడ్డవాడినల్లా ఓడిస్తూనే ఉన్నాడు. మనం చూడలేదంతే. 2021లో యూకే గెలిచింది, 2022 జర్మన్ మాస్టర్స్ ఫైనల్ 9-0తో గెలిచింది ఇతనే కదా. ఆకాశంలోంచి రాలేదు.

సేఫ్టీ_సుబ్బు
ఆ రెండు గెలుపుల తర్వాత ఏమైందో కూడా రాయండి మరి.

ఎడమచేతివాటం
దాచేదేముంది? పదిమంది చైనా ఆటగాళ్ల మీద మ్యాచ్ ఫిక్సింగ్ కేసు నడిచింది. లియాంగ్ వెన్‌బో, లీ హాంగ్‌లకి జీవితకాల నిషేధం. జావోకి 20 నెలలు. తన మ్యాచ్ ఏదీ తను ఫిక్స్ చేయలేదు; ఇంకొకరు ఫిక్స్ చేసిన రెండు మ్యాచ్‌ల్లో ప్రమేయం ఉందనీ, స్నూకర్ మీద పందేలు కాశాడనీ తేలింది, ఒప్పుకున్నాడు. శిక్ష పూర్తి చేశాడు. అయిపోయింది.

సేఫ్టీ_సుబ్బు
అయిపోయిందని నువ్వు తేల్చేశావు. నాకింకా గొంతులో ముల్లులానే ఉంది. అతని ఆట చూస్తే చేతులు వాటంతటవే చప్పట్లు కొడతాయి, నిజమే. సెమీస్‌లో ఒసల్లివన్‌ని 17-7తో, ఒక సెషన్ మిగిలుండగానే పంపేశాడు, నోరెళ్లబెట్టి చూశా. అయినా కప్పు ఎత్తినప్పుడు లేచి నిలబడబుద్ధి కాలేదు. ఎవర్నీ ఒప్పించడానికి చెప్పట్లేదు.

చాక్_పొడి
సుబ్బూ, నేను నిలబడ్డా. శిక్ష అనేది పూర్తయ్యేది కాకపోతే దానికి నెలలు లెక్క ఎందుకు పెట్టినట్టు? "ఇరవై నెలలు, ఆపైన సుబ్బు మనసు మెత్తబడేదాకా" అని తీర్పులో రాయలేదుగా.

సేఫ్టీ_సుబ్బు
రాయాల్సింది 😀

కుర్చీలో_కూర్చున్నవాడు
అసలు ప్రశ్నకి వద్దాం. పదిహేడు రోజులు మిగతా సీజన్‌ని ఎందుకు మింగేస్తాయంటే, అక్కడ ఆట పొడవు వేరు. బెల్‌ఫాస్ట్‌లో తొలి రౌండ్లు నాలుగు ఫ్రేములు గెలిస్తే చాలు. ఒక మంచి బ్రేక్, ఒక అదృష్టం బంతి, ఎదుటివాడిది ఒక పొరపాటు, ఇంటికి పంపేయొచ్చు. క్రూసిబుల్ ఫైనల్ రెండు రోజులు, నాలుగు సెషన్లు. రాత్రి పడుకుని పొద్దున్న లేచి మళ్లీ అదే మనిషి ముఖం చూడాలి. చిన్న మ్యాచ్‌లో దాచుకోగలిగే బలహీనత ఏదైనా అక్కడ బయటపడిపోతుంది. చెయ్యి అందని బంతిని రెస్ట్ (ఆసరా కర్ర) పెట్టి కొట్టడం సరిగ్గా రాదా? ముప్పై ఫ్రేముల్లో ఎదుటివాడు కనిపెట్టేస్తాడు, తెల్లబంతిని నీ చెయ్యి అందనిచోటే వదులుతూ ఉంటాడు.
ఇంకోటి కూడా ఉంది. ఆ హాల్లో దాదాపు 980 సీట్లే. క్వార్టర్స్ దాకా రెండు టేబుళ్లు, మధ్యలో తెర. నువ్వు నల్లబంతి మీద గురిపెట్టి వంగినప్పుడు అవతల టేబుల్ దగ్గర చప్పట్లు పేలతాయి, ఎందుకో నీకు కనబడదు. సెమీస్‌కి తెర తీసేస్తారు, ఒక్క టేబుల్ మిగులుతుంది. అంతవరకూ ఇరుకు, ఇప్పుడేమో దాక్కునే చోటే లేదు.

పింక్_మీద_ప్రేమ
ఈ లెక్కన షూటౌట్ టోర్నీని ఏమనాలి? ఒక్క ఫ్రేము, పది నిమిషాలు. మొదటి అయిదు నిమిషాలూ షాట్‌కి 15 సెకన్లు, తర్వాత 10. జనం కేకలు. దానికీ ర్యాంకింగ్ హోదా! విజేతకి 50 వేల పౌండ్లు, అవి జాబితాలో చేరతాయి. అదీ ర్యాంకింగ్ టోర్నీయే, క్రూసిబులూ ర్యాంకింగ్ టోర్నీయే. మరోపక్క ప్రపంచంలో మొదటి 16 మంది మాత్రమే ఆడే మాస్టర్స్‌కి ఆ హోదా లేదు!

బాల్క్‌లైన్_బాబ్జి
షూటౌట్‌ని ఏమీ అనకు. మా ఆవిడ నాతో కూర్చుని చివరిదాకా చూసిన ఏకైక స్నూకర్ అది. ప్రపంచ ఫైనల్ పెడితే ఆవిడ నిద్రపోయి లేచాక కూడా అదే ఫ్రేము నడుస్తోంది.

లెక్కల_మాస్టారు
పింక్ గారూ, మాస్టర్స్‌కి హోదా ఇస్తే పదిహేడోవాడు ఎప్పటికీ పైకి రాలేడండి. ఆ పదహారు మందే ఆడి, ఆ సొమ్ముతోనే మళ్లీ ఆ పదహారులో కూర్చుంటారు. మాస్టర్స్ విజేతకి 3,50,000 పౌండ్లు, చిన్నమొత్తమేం కాదు. హోదా లేకపోవడమే న్యాయం. షూటౌట్ విషయంలో మీతో ఏకీభవిస్తా.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు
కుర్చీ గారు చెప్పింది ఒప్పుకుంటా. పొడవాటి ఆట గొప్పదే. కానీ "పొడవాటిది గొప్పది" అనడం వేరు, "మిగతావి లెక్కలోకి రావు" అనడం వేరు. హాంకాంగ్‌లో వరల్డ్ గ్రాండ్ ప్రీ ఫైనల్ రాబర్ట్‌సన్ 10-0తో గెలిచాడు. అవతల ఉన్నది స్టువర్ట్ బింగ్‌హామ్, 2015 ప్రపంచ ఛాంపియన్. పది ఫ్రేముల్లో ఒక్కటీ ఇవ్వలేదు! ఇది ఎవరికైనా గుర్తుందా?

కుర్చీలో_కూర్చున్నవాడు
నాకుంది. రాబర్ట్‌సన్ కంటే బింగ్‌హామే ఎక్కువ గుర్తున్నాడు. నా పేరు చూశారుగా. వేరే ఆటల్లో ఓడిపోతున్నవాడు కనీసం పరిగెడతాడు. ఇందులో కూర్చుంటాడు. నీళ్లు తాగుతాడు. క్యూ కర్రని గుడ్డతో తుడుస్తాడు, అదేదో మురికిపట్టినట్టు. మళ్లీ నీళ్లు తాగుతాడు. ఎదుటివాడు పాట్ మీద పాట్ కొడుతుంటే కెమెరా వచ్చి ముఖం మీద ఆగుతుంది. ఆ ముఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

చాక్_పొడి
కుర్చీ సంగతి వచ్చింది కాబట్టి నాదొకటి. ఫైనల్ మూడో సెషన్ అయ్యేసరికి జావో 17-8. ఇంకొక్క ఫ్రేము చాలు. రాత్రి సెషన్‌లో విలియమ్స్ వరసగా నాలుగు గెలిచాడు, 17-12. చాలామంది "అదేముంది, తేడా బోలెడుంది" అన్నారు. నాకు మాత్రం చెమటలు పట్టాయి, ఎందుకంటే ఆ "ఇంకొక్క ఫ్రేము" రుచి నాకు తెలుసు.
క్లబ్బు లీగ్, ఏడు ఫ్రేముల మ్యాచ్. నేను 3-0. నాలుగో ఫ్రేములో రంగులు మాత్రమే మిగిలాయి, పసుపు, ఆకుపచ్చ వేశా, గోధుమరంగు తన చుక్క మీదే కుదురుగా ఉంది. రోజుకి యాభైసార్లు వేసే బంతి. వంగాను. క్యూ ముందుకీ వెనక్కీ రెండుసార్లు ఆడించా, మూడోసారికి బొటనవేలి సందులో క్యూ జారకుండా పట్టేసింది, చెమట. లేచి నిలబడి తుడుచుకుని మళ్లీ వంగాలి. అది తెలుసు. లేవలేదు. లేస్తే భయపడ్డానని ఎదుటివాడికి తెలిసిపోతుందని! కొట్టాను. గోధుమ బంతి పాకెట్ మూతి మీద రెండు దవడలకీ కొట్టుకుని అక్కడే నిలబడింది. అది పడలేదు గానీ నేను పడిపోయా. 3-4.
ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ బంతి పాకెట్ అంచున మెరుస్తూ కనబడుతుంది. అందుకే జావో పద్దెనిమిదో ఫ్రేము పూర్తిచేసినప్పుడు నిలబడ్డా సుబ్బూ. నిషేధం, చైనా, రికార్డు ఏవీ తలకెక్కలేదు. హమ్మయ్య, లేచి తుడుచుకున్నాడు అనిపించింది.

సేఫ్టీ_సుబ్బు
సరేలే. దీనికి మాత్రం ఎదురు చెప్పను.

పింక్_మీద_ప్రేమ
అవతల విలియమ్స్‌ని ఎవరూ తలవట్లేదే! 50 ఏళ్లు. క్రూసిబుల్ ఫైనల్ ఆడినవాళ్లలో అందరికన్నా పెద్దవాడు. ప్రొఫెషనల్ అయింది 1992లో, అప్పటికి జావో పుట్టనే లేదు. ఈ సీజన్లో ఛాంపియన్ ఆఫ్ ఛాంపియన్స్ గెలిచాడు, జెడ్డాలో చివరి ఫ్రేములో ఓడాడు, చివరికి షెఫీల్డ్ ఫైనల్. అదే 92 బ్యాచ్‌లోని హిగిన్స్ 49 ఏళ్లకి వరల్డ్ ఓపెన్, టూర్ ఛాంపియన్‌షిప్ రెండూ పట్టుకుపోయాడు. నన్నడిగితే సీజన్ ముసలాళ్లది.

బాల్క్‌లైన్_బాబ్జి
విలియమ్స్ గెలిచుంటే ఇంకో ప్రమాదం ఉండేది. 2018లో గెలిచినప్పుడు మాట ఇచ్చాను కదా అని బట్టల్లేకుండా విలేకర్ల ముందు కూర్చున్నాడు. ఈసారి ఓడి మనందర్నీ కాపాడాడు.

కొత్తగా_చూస్తున్నా
🙈 ఇంకో ప్రశ్న. కైరెన్ విల్సన్ అంత బాగా ఆడితే క్రూసిబుల్‌లో నాకు కనబడలేదేం?

లెక్కల_మాస్టారు
మీరు టీవీ పెట్టేసరికే ఇంటికెళ్లిపోయాడు. మొదటి రౌండులోనే లే పీఫాన్ చేతిలో 10-9తో ఓడాడు. 2024 ఛాంపియన్ హోదాలో వచ్చాడు. మొదటిసారి ప్రపంచ టైటిల్ గెలిచినవాడు మరుసటి ఏడు దాన్ని నిలబెట్టుకోవడం, పోటీ క్రూసిబుల్‌కి వచ్చిన 1977 నుంచీ ఒక్కసారీ జరగలేదు. శాపం అంటారు. నేను నమ్మను. ఆ ఏడాదంతా అందరూ నీమీదే ప్రాణం పెట్టి ఆడతారు, అదే శాపం.

ఎడమచేతివాటం
లే పీఫానేం మామూలోడా మాస్టారూ, డిసెంబరులో స్కాటిష్ ఓపెన్ గెలిచాడు. చూశారా, మిగతా సీజన్ చూడనివాడికి ఆ 10-9 వింతగా ఉంటుంది. చూసినవాడికి ఉండదు.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు
ఇదే! నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదే!

కుర్చీలో_కూర్చున్నవాడు
దీన్ని ఇంకాస్త కిందికి తీసుకెళ్దాం. మనం ట్రంప్, విల్సన్ అని కొట్టుకుంటున్నాం. 60, 70 ర్యాంకుల దగ్గర ఉన్నవాళ్లకి ఈ పది నెలలే అసలు బతుకు. సీజన్‌కి 20 వేల పౌండ్లకి తగ్గకుండా చూస్తామని హామీ ఉంది, అది కూడా గెలిచే సొమ్ములోంచి మినహాయించుకునే అడ్వాన్సే. అందులోంచే విమానాలు, హోటళ్లు. చైనాకి ఒక్క టోర్నీకి వెళ్లి మొదటి మ్యాచ్ ఓడితే వెళ్లొచ్చిన ఖర్చు కూడా రాదు. ఆ మనిషికి క్రూసిబుల్ కల. వూహాన్ టోర్నీ క్వాలిఫయింగ్ మాత్రం ఇంటి అద్దె. ఏది ముఖ్యమో అతన్నడగండి.

లెక్కల_మాస్టారు
పైవాళ్లకీ భద్రత లేదు. లూకా బ్రెసెల్‌ని చూడండి. 2023లో సెల్బీ మీద 18-15తో గెలిచి 5 లక్షల పౌండ్లు తెచ్చుకున్నాడు. రెండేళ్ల లెక్క కదా, ఈ మేలో ఆ మొత్తం జాబితాలోంచి రాలిపోయింది. ఈసారి క్రూసిబుల్‌కి సీడ్‌గా వచ్చాడు, క్వార్టర్స్ ఆడాడు, బయటికి వెళ్లేటప్పుడు మొదటి పదహారులో లేడు. జావో ఎదురుదిశలో: ఆ ఒక్క కప్పుతో నేరుగా 11వ ర్యాంకు. ఒకే తలుపులోంచి ఒకరు లోపలికి, ఒకరు బయటికి.

పింక్_మీద_ప్రేమ
అంటే జావో కూడా జాగ్రత్తగా ఉండాలి. 2027 మేలో ఆ 5 లక్షలు రాలిపోతాయి. ఈలోగా మిగతా టోర్నీల్లో సంపాదించుకోకపోతే ఇతనికీ అదే గతి.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు
మిగతా టోర్నీలు! విన్నారా అందరూ? మిగతా టోర్నీలు!!

బాల్క్‌లైన్_బాబ్జి
ఈయన గెలిచేశాడు, ఎవరైనా కుర్చీ వేయండి.

చాక్_పొడి
మధ్యలో ఒకటి. ఒకప్పుడు ఈ సీజన్ మనదాకా కూడా వచ్చేది. ఇండియన్ ఓపెన్ 2016లో హైదరాబాద్‌లో జరిగింది, మెక్‌గిల్ గెలిచాడు, ఓడింది ఈ కైరెన్ విల్సనే. 2017లో విశాఖ, హిగిన్స్ 5-1. 2019లో కొచ్చి. ఆ తర్వాత మళ్లీ లేదు. ఇప్పుడు డబ్బు జెడ్డాలో ఉంది, టోర్నీ కూడా అక్కడే ఉంది.

ఎడమచేతివాటం
2013లో ఢిల్లీ ఫైనల్ ఆదిత్య మెహతా ఆడాడు. డింగ్ 5-0తో కొట్టినా సరే, ర్యాంకింగ్ ఫైనల్ ఆడిన మొదటి భారతీయుడు. పంకజ్ అద్వానీకి కూడా టూర్ కార్డు ఉండేది, 2014లో వదిలేసుకున్నాడు. పది నెలలు ఇంటికి దూరంగా ఉండాలి మరి. సీజన్ అంటే కప్పు కాదు, సూట్‌కేసు.

సేఫ్టీ_సుబ్బు
నా తీర్పు: ఆటగాడు విల్సన్, డబ్బు ట్రంప్, కథ జావో. ఎవరిక్కావాల్సింది వాళ్లు తీసుకోండి.

లెక్కల_మాస్టారు
సెంచరీలు వదిలేశారు. 2013-14లో రాబర్ట్‌సన్ 103 కొట్టి మొదటిసారి వంద దాటాడు, 2019-20లో ట్రంప్ 102 దాకా వచ్చి ఆగాడు. ఈసారి దాన్ని దాటాడు. ఇది మూడు ముక్కల్లో ఎక్కడా ఇమడదు.

సేఫ్టీ_సుబ్బు
మాస్టారూ, పంచాయితీ ముగిసేటప్పుడే మీకు లెక్కలు గుర్తొస్తాయి.

కొత్తగా_చూస్తున్నా
ఇదంతా చదివాక మొదటినుంచీ చూడాలనిపిస్తోంది. వచ్చే సీజన్ ఎప్పుడు మొదలు? సెప్టెంబరులోనా?

అర్ధరాత్రి_ప్రేక్షకుడు
సెప్టెంబరేంటి తమ్ముడూ, జూన్ గడిచేలోపే మళ్లీ బంతులు పేరుస్తారు. లెస్టర్‌లో ఛాంపియన్‌షిప్ లీగ్ ఉంటుంది. గ్రూపుకి నలుగురు, నాలుగేసి ఫ్రేముల మ్యాచ్‌లు, 2-2 డ్రాలు కూడా ఉంటాయి. ఎవరూ చూడరు. నేను చూస్తా. మొదటి రోజు నుంచి ఇక్కడే స్కోర్లు పెడతాను, కొత్త థ్రెడ్ తెరవకండి.

బాల్క్‌లైన్_బాబ్జి
స్నూకర్‌లో డ్రానా? మా ఆవిడకి చెప్పకండి.